పాఠకుల ప్రశ్నలు: కంప్యూటర్ చరిత్రను ఎక్కడ వెతకాలి?

పోయిన నెల కరణాల లెక్కల గురించి రాస్తూ, కంప్యూటర్ల మీద కూడా చరిత్రకారులు పనిచేస్తున్నారని ఒక మాట అన్నాను. ఆ ఒక్క మాట మీదే నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. అందుకని ఈ నెల జవాబులన్నీ దాని గురించే.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. చరిత్ర ప్రాజెక్టుకు కంప్యూటర్లను తీసుకుంటానంటే క్లాసులో అందరూ నవ్వారు. రాజులూ శాసనాలూ ఉంటే చరిత్ర గానీ, నిన్నమొన్నటి కంప్యూటర్‌లో ఏముంది అంటున్నారు. చరిత్రకారులు దీన్ని నిజంగా ఎలా చదువుతారు? నేను ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక విద్యార్థిని, కావలి

జవాబు: నవ్వితే నవ్వనీ అమ్మా. మన పక్క ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అప్పటికే దేశానికి కంప్యూటర్ వచ్చి పదిహేనేళ్లయింది. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు, దాన్ని స్థాపించిన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ గారు హెచ్.ఇ.సి.-2ఎం అనే యంత్రాన్ని ఇంగ్లండు నుంచి తెప్పించింది 1955లో. 1960కల్లా బొంబాయిలో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు సొంతంగా ఒక కంప్యూటర్ కట్టి నడిపారు. దాని పేరు టిఫ్రాక్. హైదరాబాదులో కంప్యూటర్లు కూడా తయారుచేసిన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఇ.సి.ఐ.ఎల్.ను 1967లో పెట్టారు. జిల్లా కంటే పాత సంగతి ఇది. దీనికి చరిత్ర లేదని ఎలా అంటారు?

అయితే ఇలా యంత్రాల పేర్లూ తేదీలూ వరసగా రాసుకుంటూ పోతే అది ప్రాజెక్టు అనిపించుకోదు. మొదట్లో కంప్యూటర్ చరిత్ర రాసినవాళ్లలో చాలామంది ఆ యంత్రాలు కట్టిన ఇంజినీర్లే. ఏది ముందు, ఏది వేగం, ఎవరి డిజైను గొప్ప అన్నవే వాళ్ల ప్రశ్నలు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో గణితశాస్త్ర చరిత్ర చెప్పిన మైకేల్ మహోనీ 1980ల్లో ఆ పద్ధతిని గట్టిగా ప్రశ్నించాడు. యంత్రం దగ్గర కాకుండా, దాన్ని ఎవరు ఏ పనికి కోరుకున్నారో అక్కడ మొదలుపెట్టాలన్నది ఆయన వాదన. సైన్యం కోరింది ఒకటి, బ్యాంకు కోరింది ఒకటి, ప్రయోగశాల కోరింది మరొకటి. కాబట్టి కంప్యూటర్‌కు ఒక చరిత్ర కాదు, చాలా చరిత్రలు ఉంటాయి. ఇంగ్లండులో జాన్ ఏగర్ అనే చరిత్రకారుడు ఇంకో మాట కలిపాడు. కంప్యూటర్ రాకముందు అదే పని ఎలా జరిగేదో తెలియకుండా, కంప్యూటర్ ఏం మార్చిందో చెప్పలేం అని. నాకు ఈ మాట మీద గట్టి నమ్మకం.

మీ ఊరి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసునే తీసుకో. 1998కి ముందు అక్కడ పని ఎలా నడిచేదో మీ తాతగారిని అడుగు. లేఖరి స్టాంపు కాగితాల మీద రాసిన దస్తావేజును, ఆఫీసులో గుమాస్తా ఒకటో నంబరు పుస్తకంలోకి అక్షరం పొల్లుపోకుండా చేత్తో ఎక్కించేవాడు. ఎక్కించాక అసలుతో నకలును సరిచూడాలి. మనుషుల పేర్లకు ఒక ఇండెక్సు, ఆస్తులకు ఒక ఇండెక్సు. ఎవరైనా పొలం కొనబోతూ ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే సర్టిఫికెట్) అడిగితే, ఏళ్ల తరబడి ఇండెక్సులు దించి, దుమ్ము దులిపి, పేజీలు తిరగేసి, ఆ సర్వే నంబరు కనిపించిన ప్రతి చోటా రాసుకుని, అప్పుడు సర్టిఫికెట్ ఇచ్చేవారు. రోజులు పట్టేది, ఒక్కోసారి వారాలు. 1998 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం కార్డ్ అనే పేరుతో ఆ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు తెచ్చింది. ఈసీ నిమిషాల్లో చేతికి రావడం మొదలైంది.

ఇంతవరకు ఆనాటి పేపర్లు చూసినా తెలుస్తుంది. నీ ప్రశ్నలు దీని తర్వాతివి కావాలి. పాత ఇండెక్సులను కంప్యూటర్‌లోకి ఎవరు ఎక్కించారు? గొలుసుకట్టు రాతలో ఇంటిపేరు అర్థం కాకపోతే ఏం చేశారు? నకళ్లు రాసే గుమాస్తాలకు తర్వాత ఏ పని ఇచ్చారు? ఇంత మారినా ఆఫీసు బయట దస్తావేజు లేఖరులు ఇంకా బల్లలు వేసుకుని ఎందుకున్నారు, జనం ముందు వాళ్ల దగ్గరికే ఎందుకు వెళ్తున్నారు? ఈ చివరి ప్రశ్న ఒక్కదాని మీదే నీ ప్రాజెక్టు మొత్తం నడపొచ్చు.

అడిగే పద్ధతి కూడా నేర్చుకోవాలి. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో చార్లెస్ బాబేజ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. కంప్యూటర్ రంగంలో పనిచేసిన వందలాది మంది చేత మాట్లాడించి, ఆ మాటలన్నీ రాయించి దాచింది. నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. నాలుగైదు చదివితే ప్రశ్న ఎలా వేయాలో అర్థమవుతుంది. "కంప్యూటర్ వల్ల మీ జీవితం ఎలా మారింది" అని అడిగావనుకో, "చాలా మారిందమ్మా" అని ఊరుకుంటారు. పొద్దున రాగానే ముందు ఏ రిజిస్టరు తీసేవారు, పని మధ్యలో కరెంటు పోతే ఏం చేసేవారు, పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉండేది అని అడుగు, గంటసేపు చెబుతారు. చెప్పిన సంవత్సరాన్ని మాత్రం స్టాకు రిజిస్టరుతోనో, శిక్షణకు పంపిన ఉత్తర్వుతోనో సరిచూసుకో. మనుషులకు జరిగింది గుర్తుంటుంది, ఏ ఏడాదో గుర్తుండదు.

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి. మొదటి కంప్యూటర్ ఏది అంటే ఒక క్విజ్ పుస్తకంలో ఎనియాక్ అని, ఇంకో దాంట్లో అటనాసాఫ్ యంత్రమని ఉంది. ఏది రాయమంటారు?
— ఒక తల్లి, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: ప్రశ్నలో "మొదటి" పక్కన ఇంకేం రాశారో చూసుకోమనండి. మొదటి ఎలక్ట్రానిక్ యంత్రమా, ఏ పనికైనా ప్రోగ్రాం మార్చుకోగల యంత్రమా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. ఫిలడెల్ఫియాలో ఎకర్ట్, మాచ్లీ కట్టిన ఎనియాక్ సంగతి 1946 ఫిబ్రవరిలో లోకానికి తెలిసింది. దాని పేటెంటు తర్వాత స్పెర్రీ రాండ్ కంపెనీ చేతికి వచ్చింది. ఆ కంపెనీ మిగతా వాళ్లను రాయల్టీ కట్టమంది. హనీవెల్ కంపెనీ కోర్టుకెక్కింది. 1973 అక్టోబరులో మినియాపొలిస్‌లో జడ్జి ఆ పేటెంటు చెల్లదన్నారు. అయోవాలో అటనాసాఫ్ అంతకుముందే చేసిన పనిలోంచే ఎలక్ట్రానిక్ కంప్యూటర్ అన్న భావన వచ్చిందని తీర్పులో రాశారు. ఇంగ్లండులో యుద్ధకాలంలో శత్రువుల రహస్య సందేశాలు ఛేదించడానికి పనిచేసిన కొలోసస్ యంత్రం అయితే ఈ పోటీలోకే రాలేదు, దాన్ని 1970ల దాకా రహస్యంగా ఉంచారు.

చరిత్రకారులకు ఆ తీర్పు కంటే, ఆ కేసు కోసం పోగుచేసిన ఉత్తరాలూ నోటుబుక్కులూ సాక్షుల వాంగ్మూలాలూ ఎక్కువ పనికొచ్చాయి. అవి కూడా పైన చెప్పిన మిన్నెసోటా సంస్థలోనే ఉన్నాయి. బాబుకు ఈ కేసు కథంతా చెప్పండి, పేరు కంటే ఇదే బాగా గుర్తుంటుంది.

ప్రశ్న: నేను బ్యాంకులో గుమాస్తాగా చేరి, సంఘంలో తిరిగి, రిటైరయ్యాను. 1980ల్లో కంప్యూటర్లు వద్దని బ్యాడ్జీలు పెట్టుకున్నాం, ధర్నాలు చేశాం. ఇప్పుడు మనవడు ఫోన్‌లో డబ్బులు పంపుతూ, "తాతయ్యా, దీన్నేనా వద్దన్నావు" అంటున్నాడు. చరిత్రలో మేం తెలివితక్కువ వాళ్లుగా మిగిలిపోతామా?
— ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ఒంగోలు

జవాబు: అలా రాస్తే అది మంచి చరిత్ర కాదండీ. ఏం జరిగిందో తెలిశాక వెనక్కి తిరిగి అప్పటివాళ్ల మీద తీర్పు చెప్పడం మా వృత్తిలో చేయకూడని పని. 1983లో మీ ముందున్నదేమిటో చూడాలి. పొద్దున్నుంచి లెడ్జర్లలో పద్దులు రాయడం, సాయంత్రం టాలీ చూడడం, పైసా తేడా వస్తే రాత్రయినా కూర్చుని వెతకడం, ఆరునెలలకోసారి ప్రతి ఖాతాకూ వడ్డీ కట్టడం. మీ ఉద్యోగాలన్నీ ఈ పని మీదే నిలబడ్డాయి. ఆ పనంతా యంత్రం చేస్తుందని చెబితే, మరి మా సంగతేమిటని అడగడంలో తెలివితక్కువతనం ఏముంది?

అడిగింది మీరొక్కరే కాదు. 1960ల్లోనే కలకత్తాలో ఎల్.ఐ.సి. ఉద్యోగులు కంప్యూటర్ రాకుండా భవనానికి కాపలా కాశారు. ఇది పెద్ద ప్రశ్న అని ప్రభుత్వమే గుర్తించి, 1969లో దండేకర్ గారి అధ్యక్షతన ఆటోమేషన్ మీద కమిటీ వేసింది. 1972లో నివేదిక వచ్చింది. 1983లో బ్యాంకు యాజమాన్యాల సంఘానికీ ఉద్యోగ సంఘాలకూ ఒప్పందం కుదిరింది. 1984లో బ్యాంకుల్లో కంప్యూటర్ల మీద రంగరాజన్ కమిటీ నివేదిక, ఆ తర్వాత బ్రాంచిల్లోకి పద్దులు ఎక్కించే లెడ్జర్ పోస్టింగ్ యంత్రాలు. మన బ్యాంకుల్లోకి కంప్యూటర్ ఎంత వేగంతో రావాలో ఇంజినీర్లు తేల్చలేదు. బల్లకు అటుపక్క యాజమాన్యం, ఇటుపక్క మీరు కూర్చుని తేల్చారు. ఎందుకు ఆలస్యమైంది, ఏ షరతుల మీద వచ్చింది అన్నది ఆ ఒప్పందాలు చదివితేనే తెలుస్తుంది.

జనం మనసు మారడంలో రైల్వేల పాత్ర ఎక్కువని నా అభిప్రాయం. 1980ల మధ్యలో ఢిల్లీలో రిజర్వేషన్ కంప్యూటర్ మీద మొదలైంది. ఒక్కో రైలుకు ఒక్కో కిటికీ దగ్గర నిలబడే బాధ తప్పితే ఎవరైనా సంతోషిస్తారు. లాభం కళ్లెదుట కనిపించింది. బ్యాంకులో మాత్రం జనానికి లాభం కనిపించే ముందే మీకు భయం కనిపించింది. ఆ భయం పూర్తిగా ఉత్తదని కూడా అనలేం. 2000–01లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద ప్రభుత్వరంగ బ్యాంకుల నుంచి దాదాపు లక్ష మంది బయటికి వెళ్లారు. దానికి కంప్యూటర్ ఒక్కటే కారణం కాదు గానీ, దాన్ని పక్కనపెట్టి ఆ కథ చెప్పలేం కదా.

మీ దగ్గర సంఘం సర్క్యులర్లు, కరపత్రాలు, మహాసభల నివేదికలు ఉంటే పారేయకండి. తేదీ లేనివాటి మీద మీకు తోచిన సంవత్సరాన్ని పెన్సిల్‌తో రాసి, పక్కన "జ్ఞాపకం మీద" అని చేర్చండి. మనవడికీ ఒక పని చెప్పండి. అదే ఫోన్ మీ ముందు పెట్టి, లెడ్జర్ టాలీ కాని రోజు ఎలా ఉండేదో మీ చేత చెప్పించి రికార్డు చేయమనండి.

ప్రశ్న: మాది పొగాకు రైతు కుటుంబం. మా పెద్దవాడు 1999లో కోర్సు నేర్చుకుని అమెరికా వెళ్లాడు. ఇప్పుడు మా బజారులో ఇంటికొకరు అక్కడే ఉన్నారు. ఇదంతా పిల్లల తెలివేనా, ఇంకా కారణాలున్నాయా? చరిత్ర రాసేవాళ్లు మాలాంటి ఊళ్లను పట్టించుకున్నారా?
— ఒక రైతు, టంగుటూరు దగ్గర

జవాబు: పట్టించుకున్నారండీ. షియాంగ్ బియావ్ అనే చైనా పరిశోధకుడు సిడ్నీలోనూ హైదరాబాదులోనూ తెలుగు ఐటీ కుర్రాళ్ల మధ్య తిరిగి రాసిన పుస్తకం 2007లో వచ్చింది. కన్సల్టెన్సీ వాళ్లు కుర్రాళ్లను వీసా మీద తీసుకెళ్లి కంపెనీలకు అద్దెకిచ్చినట్టు పంపడం, పని లేనప్పుడు "బెంచి" మీద కూర్చోబెట్టడం, ఇవన్నీ దాంట్లో ఉన్నాయి. ఆయన అక్కడితో ఆగలేదు. ఈ కుర్రాళ్ల చదువుకీ ప్రయాణానికీ డబ్బు ఎక్కడిదని అడిగాడు. ఆ దారి వెంట వెళితే కోస్తా పల్లెల్లో సేద్యం మీద మిగిలిన డబ్బు, ప్రైవేటు కాలేజీలు, పెళ్లిలో తెచ్చిన కట్నం కనిపించాయి.

తెలివి లేదని నేననడం లేదు. తెలివైన పిల్లలు 1979లోనూ ఉన్నారు కదా, 1999లోనే ఎందుకు వెళ్లారన్నది చరిత్ర ప్రశ్న. సగం జవాబు అమెరికా ఆఫీసుల్లో ఉంది. పంచ్‌కార్డు మీద 80 గళ్లే ఉండేవి, మెమరీ చాలా ఖరీదు. అందుకని 1960ల్లో సంవత్సరాన్ని చివరి రెండంకెలతో సరిపెట్టారు. 2000 దగ్గర పడేసరికి ఆ ప్రోగ్రాములన్నీ తిరగేసి సరిచేయాల్సి వచ్చింది, మనుషులు చాల్లేదు. నిపుణులైన ఉద్యోగులకు అమెరికా ఇచ్చే హెచ్-1బి వీసాల పరిమితి ఏడాదికి 65 వేలుగా ఉండేది, దాన్ని 1999కి లక్షా 15 వేలకు, 2001కి లక్షా 95 వేలకు పెంచారు. సరిగ్గా ఆ సందులోనే మీ వాడు వెళ్లాడు.

మిగతా సగం మీ ఇంట్లో ఉంది. ఆ ఏడాది పొగాకు అమ్మిన పట్టీ, కోర్సు ఫీజు రసీదు, టికెట్టు కోసం రాసిన ప్రోనోటు, మొదటిసారి డబ్బు పంపినప్పటి బ్యాంకు కాగితం. ఇవి నాలుగూ ఒకచోట పెడితే, మీరు పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర మొదలైన డబ్బు ఎక్కడిదాకా వెళ్లి ఎలా తిరిగొచ్చిందో తెలుస్తుంది. కోడలు తెచ్చిన కట్నం కూడా అందులో కలిసి ఉంటే ఆ సంగతీ రాసి పెట్టండి. ఈ పెద్ద కథలో ఆడపిల్లల డబ్బు ఎంత పోసినా, వాళ్ల పేరు ఏ కంపెనీ రికార్డులోనూ ఉండదు. ఇది నన్ను ఎప్పుడూ బాధపెట్టే విషయం.

ప్రశ్న: అమ్మా, టైపు లోయరు, హయ్యరు పాసై 1996 నుంచి డీటీపీ చేస్తున్నాను. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ఊళ్లో కవుల పుస్తకాలు అన్నీ కొట్టాను. ఇప్పుడు షాపు మూసేస్తున్నాం. ఫ్లాపీలు, సీడీలు సంచుల నిండా ఉన్నాయి. మావారు పాత సామాన్ల వాడికి వేసేద్దామంటున్నారు. నేను కనిపెట్టిందేమీ లేదు, ఎవరో రాసింది కొట్టానంతే. ఇవి ఎవరికైనా పనికొస్తాయా?
— ఒక డీటీపీ ఆపరేటర్, ట్రంకు రోడ్డు, నెల్లూరు

జవాబు: వేయకండమ్మా. మీవారికి కూడా ఈ పేజీ చూపించండి.

ముందు ఆ "కొట్టానంతే" గురించి చెప్పాలి. ఎనియాక్ యంత్రానికి ప్రోగ్రాం అమర్చింది ఆరుగురు ఆడవాళ్లు. తీగలు ఎక్కడ గుచ్చాలో, స్విచ్చులు ఎలా తిప్పాలో తేల్చింది వాళ్లే. 1946లో యంత్రాన్ని లోకానికి చూపించినప్పుడు పేరు ఇంజినీర్లకు వచ్చింది. ఫొటోల్లో పక్కన నిలబడ్డ ఈ ఆడవాళ్లు ఎవరని దశాబ్దాల తర్వాత పరిశోధకులు అడిగాకే వాళ్ల పని బయటికొచ్చింది. బ్రిటన్‌లో కూడా అంతే. ప్రభుత్వ ఆఫీసుల్లో మొదట్లో కంప్యూటర్లు నడిపింది ఎక్కువగా ఆడవాళ్లు. ఆ పనికి హోదా పెరగ్గానే వాళ్లను పక్కకు నెట్టి మగవాళ్లను కూర్చోబెట్టారని, ఆ నైపుణ్యం పోగొట్టుకోవడం బ్రిటన్ కంప్యూటర్ పరిశ్రమనే దెబ్బతీసిందని మార్ హిక్స్ 2017లో వచ్చిన పుస్తకంలో చూపించారు. చేతిపని, కాబట్టి చరిత్ర కాదు అనుకోవడం వల్లే ఇన్నాళ్లూ ఈ సంగతులు మరుగునపడ్డాయి.

ఇప్పుడు మన తెలుగు సంగతి. అన్ని భాషల అక్షరాలూ ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవడానికి పెట్టుకున్న ప్రమాణం యూనికోడ్. దాంట్లో తెలుగుకు చోటు 1991లోనే దొరికింది. కానీ మీరు పేజీలు కూర్చిన పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌కు అది తెలియదు. విండోస్‌లో యూనికోడ్ తెలుగు ఫాంటు గౌతమి 2001లో ఎక్స్‌పీతో వచ్చింది. ఆ మధ్య ఏళ్లలో మన జిల్లాల్లో అచ్చయిన తెలుగంతా దాదాపుగా మీలాంటి ఆపరేటర్ల చేతుల మీదుగానే వెళ్లింది. డీటీపీకి వాడే అనూ ఫాంటుల్లో అక్షరాన్ని ముక్కలుగా అమరుస్తారని మీకు వేరే చెప్పక్కర్లేదు. తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, ఒత్తు మరోచోట. ఒత్తు కాస్త పక్కకు జరిగితే మీరే లాగి సర్దేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం కనిపించదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గందరగోళం కనిపిస్తుంది. మూడొందల ఏళ్ల తాటాకును చదవగలిగే మనం, ముప్పై ఏళ్ల ఫ్లాపీని చదవలేకపోయే పరిస్థితి వచ్చింది. దాన్ని చదివిపెట్టగలిగింది మీ తరం వాళ్లే.

మీ పెళ్లిపత్రికలనే చూడండి. వరుడి పేరు పక్కన 1996లో ఏముంది, 2000లో ఏముంది, 2006లో ఏముంది? బి.ఏ., బి.కాం.ల చోట బి.టెక్. ఎప్పుడొచ్చింది, "యు.ఎస్.ఏ." అన్న మాట ఏ ఏడాది మొదలైంది, వధువు పేరు పక్కన చదువు ఎప్పుడు కనిపించింది? పైన టంగుటూరు రైతు అడిగిన ప్రశ్నకు ఊరూరా సాక్ష్యం మీ సంచుల్లో ఉంది. నాకు తెలిసి ఏ ప్రభుత్వ ఆఫీసులోనూ ఇలాంటి రికార్డు లేదు.

ఫ్లాపీలతో మొదలుపెట్టండి, అవే ముందు పాడవుతాయి. మన సముద్రపు గాలికి బూజు కూడా పడుతుంది. యూఎస్‌బీకి పెట్టుకునే ఫ్లాపీ డ్రైవ్ దొరుకుతుంది. ఫైళ్లు తెరవకుండా, పేర్లు మార్చకుండా ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసుకోండి. పాత కంప్యూటర్ ఇంకా నడుస్తుంటే దాంట్లో తెరిచి పీడీఎఫ్ చేయండి, అసలు ఫైలు మాత్రం తీసేయొద్దు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి, ప్రింటు పక్కన పెట్టుకుని సరిచూడాలి. ఎవరివైనా ఆస్తి కాగితాలు, సొంత ఉత్తరాలు ఉంటే వాటిని విడిగా తీసి పెట్టండి, వాళ్లను అడక్కుండా ఎవరికీ ఇవ్వొద్దు. ఏ ఏడాది ఏ వెర్షన్ వాడారో ఒక నోటుబుక్కులో రాయండి. ఫాంటుల సీడీ ఉంటే దాన్నీ, మొదట్లో నేర్చుకోవడానికి బల్లకు అంటించుకున్న కీబోర్డు లేఅవుట్ కాగితం ఇంకా ఉంటే దాన్నీ అదే సంచిలో పెట్టండి.